మళ్లీ మనిషి కావడమే ఓటమి: ‘రాంపేజ్’ వీడియో గేమ్ పరంపరలో విధ్వంసం, సిగ్గు, బాధ్యత

వ్యాససంగ్రహం

అమెరికాకు చెందిన బాలీ మిడ్‌వే సంస్థ 1986లో విడుదల చేసిన ‘రాంపేజ్’ ఆటలో నగరాలను కూల్చే మహాకాయమృగాలు ఒకప్పటి మనుషులు. బలం ఉడిగినప్పుడు అవి చనిపోవు. ఒంటిమీద బట్ట లేని మనుషులుగా మారి, చేతులు అడ్డుపెట్టుకొని తెరమీది నుంచి తప్పుకొంటాయి. ఈ ఒక్క దృశ్యాన్ని కేంద్రంగా తీసుకొని ఆట నియమాలను, 1997 తరువాతి ఉత్తరకృతులను, 2018 నాటి చలనచిత్రాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మూలకృతి ఆటగాడి చేతిలో పెట్టిన బాధ్యతను పరంపర క్రమంగా ఒక కల్పిత వాణిజ్యసంస్థ మీదికి బదలాయించిందని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్ విమర్శ, మహాకాయమృగం, రూపాంతరం, శాపం, ఆర్కేడ్, పాఠాంతరం

ప్రవేశిక

మహాకాయమృగం నగరం మీద పడడం ఇరవయ్యో శతాబ్దపు దృశ్యకళల్లో బాగా నలిగిన ఇతివృత్తం. 1933 నాటి ‘కింగ్ కాంగ్’ చిత్రంలో ఒక పెద్ద వానరం న్యూయార్క్‌లోని ఎంపైర్ స్టేట్ భవనం ఎక్కి, విమానాల తూటాలకు నేలకూలింది. 1954లో ఇషిరో హోండా దర్శకత్వంలో తోహో సంస్థ నిర్మించిన ‘గోజిరా’లో హైడ్రోజన్ బాంబు పరీక్షలు కదిలించిన ప్రాణి టోక్యోను తగలబెట్టింది. అదే సంవత్సరం మార్చి 1న బికినీ దీవిలో అమెరికా జరిపిన అణుపరీక్ష బూడిద మీద పడి జబ్బుపడిన జపాన్ చేపల పడవ ‘దైగో ఫుకుర్యూ మారు’ జ్ఞాపకం ఆ చిత్రాన్ని చూసిన తొలి ప్రేక్షకులకు ఇంకా పచ్చిగానే ఉంది. ఈ రెండు చిత్రాల స్వభావాలు వేరైనా ప్రేక్షకుని స్థానం మాత్రం ఒక్కటే. అతడు కింద ఉంటాడు, వీధిలో, తల పైకెత్తి.

‘రాంపేజ్’ ఆ స్థానాన్ని తలకిందులు చేసింది. బ్రయాన్ కోలిన్, జెఫ్ నౌమన్ రూపొందించిన ఈ ఆటలో ఆటగాడే మృగం. అతని పని భవనాలు ఎక్కడం, గోడలను పిడికిళ్లతో గుద్దడం, కిటికీల్లో కనిపించేవారిని పట్టుకు తినడం. ఆపదను దూరం నుంచి చూసి ఆనందించే సౌకర్యం గురించి సూసన్ సొంటాగ్ 1965లో ‘ది ఇమాజినేషన్ ఆఫ్ డిజాస్టర్’ వ్యాసంలో చర్చించారు. వైజ్ఞానిక కల్పనా చిత్రాల అసలు విషయం విజ్ఞానం కాదనీ, విధ్వంసమేననీ, ఆ విధ్వంసానికొక సౌందర్యం ఉందనీ ఆమె వాదన. ఆ వాదన ఈ ఆటకు సగమే వర్తిస్తుంది. సొంటాగ్ ప్రేక్షకునికి కూల్చే చేయి లేదు, ఇక్కడ ఉంది. కాబట్టి ఇక్కడ అడగవలసిన ప్రశ్న కూల్చడం ఎందుకు అందంగా ఉందన్నది మాత్రమే కాదు, కూల్చినవారు ఎవరు అన్నది కూడా.

వీడియో గేముల మీద విమర్శ చాలాకాలం ఒకే మూసలో నడిచింది. ఆటలో హింస ఉందా, ఉంటే ఎంత, అది పిల్లలను చెడగొడుతుందా అన్నదే ఆ మూస. 1993లో అమెరికా సెనేట్ విచారణలు కూడా ఇదే ప్రశ్న చుట్టూ తిరిగాయి. అక్కడ ప్రధానంగా చర్చకు వచ్చిన ‘మోర్టల్ కాంబాట్’ కూడా మిడ్‌వే ఆటే కావడం గమనార్హం. ఈ కొలబద్దతో చూస్తే ‘రాంపేజ్’ ఒక నవ్వులాట. కొన్ని వందల మంది అందులో ఆహారమైపోయినా ఎవరూ పెద్దగా అభ్యంతరం చెప్పలేదు. హింస పరిమాణాన్ని లెక్కించే విమర్శకు ఈ ఆటలో చెప్పదగ్గది ఏమీ దొరకదు. నియమాలను చదివే విమర్శకు దొరుకుతుంది. ఆటలు మాటలతోనూ బొమ్మలతోనూ కాక నియమాలు నడిచే తీరుతోనే వాదన చేస్తాయని ఇయన్ బొగోస్ట్ ‘పర్సువేసివ్ గేమ్స్’ (2007) గ్రంథంలో ప్రతిపాదించారు. ఈ వ్యాసం ఆ దారిలోనే నడుస్తుంది.

పియోరియా నుంచి ప్లేనో దాకా

ఆట నిర్మాణం చాలా సరళమైనది. తెరమీద కొన్ని భవనాలు. జార్జ్ అనే వానరం, లిజీ అనే బల్లి, రాల్ఫ్ అనే తోడేలు. ముగ్గురు ఆటగాళ్లు ఒకే యంత్రం ముందు పక్కపక్కన నిలబడి ఒకేసారి ఆడవచ్చు. భవనం తగినంతగా దెబ్బతింటే నిట్టనిలువుగా కుంగి, దుమ్ములో కలిసిపోతుంది. భవనాలన్నీ కూలితే ఆ ‘రోజు’ ముగుస్తుంది. మరునాడు మరో నగరం. సైనికులు కాల్పులు జరుపుతారు, హెలికాప్టర్లు తిరుగుతాయి, టాంకులు వస్తాయి. దెబ్బలు తగిలిన కొద్దీ మృగం బలం తరుగుతుంది. కాల్చిన కోడి, పండ్లగిన్నె వంటివి తింటే తిరిగి పుంజుకుంటుంది. విషమో, కరెంటు ప్రవహిస్తున్న పరికరమో చేతికి తగిలితే ఉన్న బలం కూడా పోతుంది.

మొదటి నగరం ఇలినాయ్ రాష్ట్రంలోని పియోరియా. ఈ ఎంపిక కేవలం యాదృచ్ఛికం అనుకోనక్కరలేదు. అమెరికా రంగస్థలంలో పియోరియా సగటు ప్రేక్షకుడికి పర్యాయపదం. అక్కడ నాటకం ఆడితే దేశమంతా ఆడుతుందని ఒక పాత నానుడి. పైగా బుల్డోజర్లు తయారుచేసే కాటర్‌పిల్లర్ సంస్థ ప్రధాన కార్యాలయం అప్పట్లో ఆ ఊళ్లోనే ఉండేది. కూల్చే యంత్రాల ఊరును మొట్టమొదట కూల్చడంలోని హాస్యం షికాగో ప్రాంతంలో పనిచేసే రూపకర్తలకు తెలియకపోలేదు. మహానగరాన్ని వదిలి మధ్యతరగతి ఊరితో ప్రారంభించడంలో ఒక ఆలోచన కనిపిస్తుంది. కాంగ్‌కు న్యూయార్క్, గోజిరాకు టోక్యో తగిన వేదికలు. ఈ ముగ్గురికీ ఆ స్థాయి లేదు. వీళ్లు మామూలు మనుషులు కనుక మామూలు ఊళ్లలోనే ఆరంభిస్తారు.

ఉత్తర అమెరికా నగరాల గుండా 128 రోజులు సాగి ఈ ప్రయాణం ఇలినాయ్ రాష్ట్రంలోని ప్లేనోకు చేరుతుంది. అక్కడ మృగాలన్నిటికీ పూర్తి బలాన్నిచ్చే ఒక ‘మహావిటమిన్’ కానుకగా లభిస్తుంది. ఆ తరువాత నగరాల వరుస మళ్లీ మొదలవుతుంది. మొత్తం ఆరు ఆవృత్తాలు, 768 రోజులు పూర్తయితే ఆట తిరిగి మొదటి రోజుకు వస్తుంది. విజయం లేదు, శత్రుసంహారం లేదు, ఫలశ్రుతి లేదు. నాణేలు మింగే యంత్రానికి ముగింపు లేకపోవడం వ్యాపారరీత్యా సహజమే. అయితే ఆ కానుక స్వభావం మీద ఒక్క క్షణం ఆగాలి. జార్జ్‌ను వానరంగా మార్చింది ఒక ప్రయోగాత్మక విటమిన్. 128 రోజుల విధ్వంసానికి చివర దక్కే బహుమతి కూడా విటమినే. ఏ పదార్థం మనిషిని చెరిచిందో అదే అతనికి బహుమానం.

శాపం లేని రాక్షసత్వం

ముగ్గురి రూపాంతరాలకు ఆట మూడు కారణాలు చెబుతుంది. జార్జ్‌కు విటమిన్, లిజీకి రేడియోధార్మిక సరస్సు, రాల్ఫ్‌కు ఆహారంలో కలిపే రసాయనం. మూడూ 1980ల నాటి అమెరికన్ మధ్యతరగతి భయాలే. మందుల డబ్బా, సరస్సు, భోజనబల్ల ఇందులో ఉన్నాయి. ‘గోజిరా’ కారణం ఒక దేశం చేసిన అణుపరీక్ష. ఇక్కడి కారణాలు వంటింటి దాకా వచ్చేశాయి. అణుబాంబుకు ఒక కర్త ఉన్నాడు. ఆహారంలోని రసాయనానికి కర్తను ఎవరని చూపించగలరు? 1986 నాటి ఆట ఆ ప్రశ్నకు జవాబు ఇవ్వదు. ఈ మౌనమే తరువాతి చర్చకు మూలం.

భారతీయ పాఠకునికి మనిషి మృగమవడం కన్నా, మృగం తిరిగి పూర్వరూపం పొందడం ఎక్కువ పరిచితం. వాల్మీకి అరణ్యకాండలో కుబేరుని శాపం వల్ల రాక్షసుడైన తుంబురుడనే గంధర్వుడు విరాధుడు. కబంధుని కథ ఈ ఆటకు మరింత దగ్గరగా ఉంటుంది. తల లేని మొండెం, కడుపులో నోరు, యోజనం పొడవు చేతులు. అందినవారిని అందినట్టు పట్టి తినడం అతని జీవనం. వికృతరూపంతో మునులను భయపెట్టినందుకు స్థూలశిరసుని శాపం అతనికి ఆ ఆకారాన్నిచ్చింది. రామలక్ష్మణులు అతని చేతులు నరికి, దేహాన్ని దహనం చేసిన తరువాత అతడు తేజోరూపంతో పైకి లేచాడు. అంతే కాదు, సుగ్రీవునితో మైత్రి చేసుకొమ్మని రామునికి మార్గం కూడా చెప్పాడు.

ఈ పోలికను సాదృశ్యం చూపడం కోసం తేలేదు, భేదం చూపడం కోసం తెచ్చాం. శాపవ్యవస్థలో మూడు అంశాలు స్థిరంగా ఉంటాయి. శపించినవాడు ఉంటాడు, శాపానికి ఒక తప్పు ఉంటుంది, దానికొక అవధి ఉంటుంది. రాక్షసత్వం ఎంత భయంకరమైనా అది నైతిక క్రమంలో ఒక మజిలీ మాత్రమే. అందుకే పూర్వరూపం పొందిన కబంధునికి వాక్కు, జ్ఞానం లభిస్తాయి. ‘రాంపేజ్’లో శపించినవాడు లేడు, తప్పు లేదు, అవధి లేదు. తిరిగి మనిషి అయిన జార్జ్ ఒక్క మాటా మాట్లాడడు. అతని చేతులు చేసే పని ఒక్కటే, ఒళ్లు దాచుకోవడం.

చేతుల మాటున

బలం పూర్తిగా ఉడిగిన మృగం క్రమంగా కుంచించుకుపోయి మనిషి అవుతుంది. ఒంటిమీద బట్టలు ఉండవు. రెండు చేతులతో మానం కాపాడుకుంటూ, పక్కవాటుగా అడుగులు వేస్తూ తెర అంచు దాటి వెళ్లిపోతుంది. ఆర్కేడ్ యంత్రాల ముందు నిలబడినవారికి ఇది కచ్చితంగా నవ్వు పుట్టించే దృశ్యం. ఆ నవ్వును కాదనవలసిన అవసరం లేదు. అయితే ఆ కాలపు ఆటల్లో పాత్ర మరణించే పద్ధతులతో పోల్చి చూస్తే ఈ దృశ్యం ఎంత విలక్షణమో తెలుస్తుంది. అప్పటి ఆటల్లో పాత్రలు పేలిపోతాయి, పడిపోతాయి, మాయమవుతాయి. ఇక్కడ మాత్రం పాత్ర సిగ్గుపడుతుంది.

ఈ సిగ్గు దేనికి? భవనాలు కూల్చినందుకు కాదు, మనుషులను తిన్నందుకూ కాదు. మృగరూపంలో ఉన్నంతసేపు ఆ మూడు ముఖాల్లో సిగ్గు ఛాయ కూడా లేదు. మనిషి అయినందుకే సిగ్గు. ఇది నవ్వులాటగా మొదలై, కొంచెం నిలకడగా చూస్తే ఇబ్బంది పెట్టే తర్కం. ఆట నియమాల ప్రకారం మనుష్యత్వం అంటే ఓటమి. తెలుగులో సిగ్గు అన్న మాటకు లజ్జ అనే అర్థంతో పాటు అపరాధ స్పృహ అనే అర్థం కూడా ఉంది. ‘సిగ్గు లేదా’ అని నిలదీసేటప్పుడు మనం రెండో అర్థాన్నే వాడతాం. ఆటలో మొదటి అర్థం ఉంది, రెండోది లేదు. ఒంటిమీద బట్ట లేదని తెలుసుకున్న మనిషికి తన వెనక ఊరు లేదన్న సంగతి పట్టదు.

ఇక్కడే నాణెం ప్రవేశిస్తుంది. మనిషి తెర దాటి పోకముందే ఆటగాడు మరో నాణెం వేస్తే, ఆ నడుస్తున్న మనిషి అక్కడికక్కడే మళ్లీ మృగమవుతాడు. తెర దాటిపోయిన తరువాత వేస్తే మృగం గాలిపడవలో ఎగిరి వస్తుంది. రెండో పద్ధతి ఆటలన్నిటిలో ఉండే పునర్జన్మకు ఒక చమత్కార రూపం, దానిలో విశేషం లేదు. మొదటి పద్ధతి వేరు. కథలో విటమిన్ చేసిన పనిని యంత్రం దగ్గర నాణెం చేస్తుంది. తప్పించుకుపోతున్న, ఒళ్లు దాచుకుంటున్న ఒక మనిషిని వెనక్కి లాగి రాక్షసుణ్ణి చేసే పదార్థం ఆటగాడి జేబులో ఉంది. సరస్సు, రసాయనం, విటమిన్‌ల వరుసలో అది నాలుగోది. మొదటి మూడింటికి కర్త ఎవరో ఆట చెప్పదు. నాలుగోదానికి చెప్పనవసరం లేదు.

రూపకర్తలు దీన్ని ఇలా ఉద్దేశించారా అన్న ప్రశ్నకు పెద్ద ప్రాధాన్యం లేదు. కొద్ది సెకన్ల వ్యవధిలో ఆటగాడిని తొందరపెట్టి డబ్బు రాబట్టడం ఆ నియమం వ్యాపార ప్రయోజనం. కానీ నియమం ఒకసారి అమలైతే దాని అర్థం దాని ప్రయోజనం దగ్గర ఆగిపోదు. ఆటగాడు తాను మృగాన్ని నడుపుతున్నానని మొదటి నాణెంతోనే తెలుసుకుంటాడు. తాను మృగాన్ని తయారుచేస్తున్నానన్నది రెండో నాణెం చెబుతుంది.

పట్టుకున్న మనిషి, తిన్న మిత్రుడు

ఆటలో తినకపోవడానికి బహుమతి ఇచ్చే నియమం ఒకటే ఉంది. ప్రతి మృగమూ ఒక నిర్దిష్ట రకం మనిషిని తినకుండా రెండో చేతిలో పట్టుకోగలదు. జార్జ్ స్త్రీలను, లిజీ నడివయసు పురుషులను, రాల్ఫ్ వ్యాపారస్తులను. అలా పట్టుకొని ఉండగా కూలిన ప్రతి భవనానికీ పాయింట్లు దండిగా వస్తాయి. జార్జ్ విషయంలో ఇది ‘కింగ్ కాంగ్’ చిత్రానికి నేరుగా చేసిన వెక్కిరింపు. లిజీ, రాల్ఫ్‌లకు కూడా అదే వరం ఇవ్వడంతో కాంగ్ ప్రేమ కాస్తా పాయింట్ల పట్టికగా మారిపోయింది. రాల్ఫ్ చేతిలోని వ్యాపారస్తుడి మీద ఎవరూ విషాదగీతం రాయలేరు. కాంగ్ చేతిలోని స్త్రీ వల్లనే ఆ మృగంలో ప్రేక్షకులు మనసును చూశారు. ఆ మనసును లెక్కగా మార్చిన ఈ నియమం మూలకృతిలోని అత్యంత నిర్దయమైన హాస్యం.

అంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటుంది. ఓడి మనిషైన ఆటగాణ్ణి పక్కనున్న మృగం తినవచ్చు. ఆ మృగాన్ని నడిపేది అవతలి ఆటగాడు. అంటే భుజానికి భుజం తగిలేలా నిలబడ్డ స్నేహితుడు. ముగ్గురూ కలిసి ఊరిని కూల్చాలని ఆట ఆదేశించదు. ఒకరినొకరు కొట్టుకోవద్దనీ చెప్పదు. సహకారం, ద్రోహం రెండింటినీ సమానంగా అనుమతించి పక్కకు తప్పుకుంటుంది. కిటికీలో కనిపించిన అనామకుణ్ణి తిన్నప్పుడు లేని సంకోచం, ఇప్పటిదాకా పక్కన పోరాడిన జార్జ్‌ను తినేటప్పుడు ఒక్క క్షణమైనా కలుగుతుంది. కలగకపోతే పక్కనున్న అతను గుర్తుచేస్తాడు. ఇంతసేపూ ఆహారంగా చూసినవాళ్లందరూ ఇలాంటివాళ్లేనన్న సంగతిని ఆట ఈ ఒక్క చోట నోరు విప్పకుండా చెప్పింది.

పాఠాంతరాల విషయం ఇక్కడ కొంత ప్రస్తావించాలి. తాళపత్రప్రతుల్లో లేఖకుల వదిలివేతలు, చేర్పులు ఉన్నట్టే ఆర్కేడ్ ఆటలు ఇంటి యంత్రాలకు మారినప్పుడూ ఉంటాయి. నింటెండో యంత్రానికి వచ్చిన ప్రతిలో రాల్ఫ్ లేడు. అటారి లింక్స్ చేతియంత్రానికి వచ్చిన ప్రతిలో లారీ అనే ఎలుక అదనంగా చేరింది. ఇవి పైకి కనిపించే తేడాలు. వీటికన్నా లోతైన తేడా నాణెం పోవడం. ఇంట్లో ఆటను కొనసాగించడానికి మీట నొక్కితే చాలు. జేబులోంచి తీసి వేయవలసింది ఏమీ లేదు. మనిషిని మళ్లీ మృగాన్ని చేయడానికి చెల్లించే మూల్యం లేనప్పుడు ఆ చర్య కూడా కంటికి ఆనదు. ఇంటి ప్రతులను మాత్రమే ఎరిగిన తరానికి ‘రాంపేజ్’ కేవలం భవనాలు కూల్చే సరదా ఆటగా మిగలడానికి ఇది ఒక ప్రధాన కారణం.

కర్త దొరికాడు

పదకొండేళ్ల తరువాత, 1997లో, ‘రాంపేజ్ వరల్డ్ టూర్’ వచ్చింది. కోలిన్, నౌమన్ నెలకొల్పిన గేమ్ రెఫ్యూజ్ సంస్థే దీన్ని తయారుచేసింది. బొమ్మలు త్రిమితీయ నమూనాల నుంచి తీసినవి, మృగాల కదలికల్లో హాస్యం మరింత పదునెక్కింది, ప్రయాణం ఉత్తర అమెరికా దాటి ప్రపంచమంతా విస్తరించింది. ఆటగా ఇది మూలకృతి కన్నా సంపన్నమైనదని ఒప్పుకోవాలి. కానీ కథలో ఒక చిన్న మార్పు జరిగింది. ముగ్గురి రూపాంతరాలకూ ఇప్పుడు ఒకే కారణం ఉంది. అది స్కమ్‌ల్యాబ్స్ అనే సంస్థ కర్మాగారంలో జరిగిన పేలుడు. మృగాల లక్ష్యం కూడా స్పష్టం. ప్రపంచంలో ఎక్కడెక్కడ ఆ సంస్థ స్థావరాలు ఉన్నాయో అక్కడికి వెళ్లి కూల్చడం.

ఒక్క పేరు చేరడంతో పరంపర నైతిక స్వరూపం మారిపోయింది. 1986లో జవాబు లేకుండా మిగిలిన ప్రశ్నకు జవాబు దొరికింది, దుర్మార్గుడు దొరికాడు. ఇప్పుడు విధ్వంసం ప్రతీకారం. కిటికీలోని మనుషులను ఇప్పటికీ తింటారు, వాళ్లకు స్కమ్‌ల్యాబ్స్‌తో సంబంధమున్నా లేకున్నా. కానీ ఆటగాడికి ఒక సాకు దొరికింది. కాలుష్యం చేసే సంస్థను దోషిగా నిలబెట్టడం పైకి రాజకీయంగా మరింత చైతన్యవంతమైన కథలా కనిపిస్తుంది. 1990ల అమెరికన్ జనరంజక కళల్లో దుష్ట వాణిజ్యసంస్థ ఒక స్థిరపాత్ర. దాన్ని తిట్టడానికి ఎవరికీ ధైర్యం అక్కరలేదు. మూలకృతిలోని భయం అంతకన్నా నిజమైనది, ఎందుకంటే దానికి చిరునామా లేదు. విటమిన్ డబ్బా మీద ఒక పేరు ముద్రించగానే ఆ భయం ఫిర్యాదుగా తగ్గిపోయింది.

ఈ వాదనకు ఎదురుగా ఒక మాట చెప్పవచ్చు. శాపవ్యవస్థలో శపించినవాడు ఉండడం నైతిక క్రమానికి బలమని పైన అన్నప్పుడు, కర్తను చేర్చిన ‘వరల్డ్ టూర్’ ఆ క్రమానికి దగ్గరైనట్టే కదా? కాలేదు. శాపంలో కర్తతో పాటు శప్తుని తప్పు కూడా ఉంటుంది. దనువు మునులను భయపెట్టాడు కాబట్టే కబంధుడయ్యాడు. ‘వరల్డ్ టూర్’లో కర్త మాత్రమే వచ్చాడు, తప్పు రాలేదు. జార్జ్, లిజీ, రాల్ఫ్ నిర్దోషులుగానే ఉండిపోయి, వారి వెనక నిలబడ్డ ఆటగాణ్ణి కూడా నిర్దోషిని చేశారు.

తరువాతి కృతుల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. ‘రాంపేజ్ 2: యూనివర్సల్ టూర్’ (1999)లో పాత మృగాలు బందీలైతే, బోరిస్ అనే ఖడ్గమృగం, కర్టిస్ అనే ఎలుక, రూబీ అనే రొయ్య జాతి జీవి వాటిని విడిపిస్తాయి. ‘రాంపేజ్ త్రూ టైమ్’ (2000) కాలయానం. ‘రాంపేజ్ పజిల్ అటాక్’ (2001) గడుల ఆట. పేరు తప్ప పరంపరతో దానికి సంబంధం నామమాత్రం. ‘రాంపేజ్: టోటల్ డిస్ట్రక్షన్’ (2006)లో మాత్రం ఒక ఆసక్తికరమైన అంశం ఉంది. అందులో స్కమ్‌ల్యాబ్స్ కొత్త శీతలపానీయాన్ని రుచి చూసినవారు మృగాలవుతారు. ఆహారరసాయనం అనే తొలినాటి భయం మళ్లీ తలెత్తింది, పైగా ఈసారి తాగినవారు తమంతట తాము ముందుకొచ్చినవారు. ఆ సూత్రాన్ని పట్టుకొని ఉంటే కృతి ఇంకో స్థాయికి వెళ్లేది. కానీ ముప్పయికి తక్కువ కాని మృగాలను పోగుచేయడంలోనే దాని శ్రద్ధ అంతా ఖర్చయింది. ముగ్గురున్నప్పుడు ప్రతి ఒక్కరికీ ఒక పూర్వజీవితం ఉండేది. ముప్పయి మంది అయ్యేసరికి అది బొమ్మల కొలువు అయింది. మిడ్‌వే 2009లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది. దాని ఆస్తుల్లో అధికభాగం వార్నర్ బ్రదర్స్ చేతికి వచ్చాయి. ‘రాంపేజ్’ సినిమాగా మారడానికి దారి అక్కడే పడింది.

మనిషి లేని ‘రాంపేజ్’

బ్రాడ్ పేటన్ దర్శకత్వంలో 2018లో వచ్చిన ‘రాంపేజ్’ చిత్రం పేర్లను ఉంచుకొని తాత్పర్యాన్ని వదిలేసింది. ఇందులో జార్జ్ పుట్టుకతోనే గొరిల్లా, తెల్లని గొరిల్లా. మిగతా రెండూ ఒక తోడేలు, ఒక మొసలి. జన్యుమార్పిడి పదార్థం వాటిని పెంచుతుంది. దోషి ఎనర్జైన్ అనే సంస్థ, దానికి అధిపతి క్లెయిర్ వైడన్. డ్వేన్ జాన్సన్ నటించిన వానరశాస్త్రజ్ఞుడు డేవిస్ ఒకోయే జార్జ్‌కు మిత్రుడు. ఇద్దరూ సైగలతో మాట్లాడుకుంటారు.

1986 నాటి ఆటలో మనిషి, మృగం ఒకే దేహం. 1997లో ఆ దేహం వెనక ఒక దోషి వచ్చాడు. 2018లో దేహమే రెండుగా చీలిపోయింది. మృగం ఒకవైపు, దాన్ని ప్రేమించే మనిషి మరోవైపు. విధ్వంసమంతా మృగానిది, మనసంతా మనిషిది, తప్పంతా సంస్థది. మూడింటి మధ్య బాధ్యత ఇంత సాఫీగా పంపకం కావడంతో ప్రేక్షకుని వాటాకు ఏమీ మిగలలేదు. చివర విరుగుడు మందు జార్జ్‌కు పాత స్వభావాన్ని తిరిగి ఇస్తుంది కానీ పాత పరిమాణాన్ని ఇవ్వదు. అంటే కుంచించుకుపోయే దృశ్యం, పరంపరకు ప్రాణమైన దృశ్యం, చిత్రకథలో ఎక్కడా అవసరం కాలేదు. జార్జ్ సిగ్గుపడవలసిన పని లేదు. దాచుకోవడానికి మనిషి ఒళ్లు లేదు.

క్లెయిర్ వైడన్‌ను జార్జ్ మింగడం ఆటలోని కిటికీ నియమానికి చిత్రం చేసిన అభివందనం. కానీ ఆటలో కిటికీలో ఎవరుంటారో ఎంచుకునే వీలు లేదు. దోషి, నిర్దోషి అన్న తేడా మృగం నోటికి తెలియదు. చిత్రం ఆ నోటికి న్యాయాన్యాయ విచక్షణ నేర్పింది. ఆ సన్నివేశం వద్ద ప్రేక్షకులు చప్పట్లు కొట్టడానికి ఏ అడ్డంకీ లేకుండా చూసుకుంది. పరాకాష్ఠ సన్నివేశం షికాగోలో, విల్లిస్ టవర్ మీద జరుగుతుంది. ఆట పుట్టిన ప్రాంతానికే మృగాలు తిరిగి వచ్చాయి. పియోరియాలో ఆగలేదు.

ఎనర్జైన్ సంస్థ కార్యాలయంలో ఒక మూల ‘రాంపేజ్’ ఆర్కేడ్ యంత్రం కనిపిస్తుంది. పాత అభిమానులను పలకరించడానికి పెట్టిన అలంకారం అది. దోషి గదిలో ఆ యంత్రాన్ని నిలబెట్టినవారికి అందులోని వ్యంగ్యం తట్టిందో లేదో చిత్రంలో జాడ లేదు. మూడు జతల చేతుల కోసం తయారైన ఆ పెట్టెకు, నాణెం వేసే దాని రంధ్రానికి, కథలో ఏ పనీ లేదు.